పాత ఎఫ్-1 వీసా ఉంటే గ్రీన్‌కార్డ్ ఫైల్ ఆలస్యమవుతుందా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది మిర్యాలగూడ దగ్గర ఊరు. 2016లో ఎఫ్-1 మీద ఎం.ఎస్. చదవడానికి వెళ్లాడు, మధ్యలో ఒకసారి యూనివర్సిటీ మారాడు, చదువయ్యాక ఓపీటీలో (చదువు తర్వాత కొంతకాలం పనిచేయడానికి స్టూడెంట్లకు ఇచ్చే అనుమతి) పనిచేశాడు, అందులో దాదాపు మూడు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నాడు, ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీలో పేరు రాలేదు, 2019 చివర్లో తిరిగొచ్చేశాడు. ఇప్పుడు పెళ్లయింది. అమ్మాయి అమెరికా సిటిజన్, భర్తని తీసుకెళ్లడానికి ఐ-130 అనే దరఖాస్తు వేసింది. "స్టూడెంట్ వీసా మీద పోయి తిరిగొచ్చినోళ్ల ఫైళ్లు పక్కకు పెడతరు, ఏండ్లు పడుతది" అని తోడల్లుడు చెప్పాడట. అప్పటి నుంచి నిద్రపట్టడం లేదని రాశాడు.

తమ్ముడూ, అది నిజం కాదు. నేను చాలా ఏళ్లు న్యూజెర్సీలో ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో ఫైళ్లు తయారుచేసే పని చేశాను, ఇప్పుడు నల్లగొండలో ఉంటూ మన జిల్లా పిల్లలవీ, పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్లవీ కాగితాలు చూసిపెడుతుంటాను. లాయర్‌ని కాను, కాబట్టి కేసు చిక్కుగా ఉంటే లాయర్ దగ్గరికే వెళ్లాలి. కానీ ఈ ఒక్క భయం గురించి గట్టిగా చెప్పగలను. ఒకప్పుడు స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు అన్న ఒక్క కారణంతో ఫైల్‌ని ఆపమని అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. వాళ్లకు వేరే లైను లేదు, అదనపు వెయిటింగ్ లేదు. ఫైల్ ఆలస్యమయ్యేది ఆ వీసా మీద ఉన్నప్పుడు నువ్వు రాసిచ్చినదానికీ ఇప్పుడు రాసిస్తున్నదానికీ పొంతన లేనప్పుడు. పాత పహాణీలో ఒక పేరు, కొత్త పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే భూమి మనదే అయినా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది చూడు, ఇదీ అంతే.

అసలు ఈ పుకారు ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే దాంట్లో కొంచెం నిజం ఉంది కానీ అది నీకు వర్తించేది కాదు. జే-1 అని ఇంకో వీసా ఉంది, ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాముల మీద వెళ్లేవాళ్లకు, రెసిడెన్సీ చేసే డాక్టర్లకు ఇచ్చేది. వాళ్లలో కొందరికి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న రూల్ ఉంటుంది, అది పూర్తయ్యేదాకా లేదా మినహాయింపు దొరికేదాకా గ్రీన్‌కార్డూ రాదు, హెచ్-1బీ కూడా రాదు. ప్రభుత్వం డబ్బు పెట్టిన ప్రోగ్రాములకు, డాక్టర్లకు ఆ రూల్ ఇప్పటికీ ఉంది. ఏ దేశానికి ఏ నైపుణ్యాలవాళ్లు అవసరమో అమెరికా రాసుకునే నైపుణ్యాల జాబితా కింద ఇరుక్కునే మనవాళ్లకు మాత్రం 2024 డిసెంబర్‌లో ఇండియా పేరు తీసేశాక ఊరట దొరికింది. ఎవరో జే-1 డాక్టర్ కథ విని, చదువుకోడానికి పోయినోళ్లందరికీ అంతే అనుకుని ఉంటారు. నీది ఎఫ్-1. ఆ రూల్‌కీ నీకూ సంబంధం లేదు.

రెండో పుకారు దేశాల కోటా నుంచి వస్తుంది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. మన దేశం నుంచి అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో 2025 అక్టోబర్‌లో ఇండియా ఈబీ-2 (పెద్ద డిగ్రీలవాళ్ల ఉద్యోగ కోటా) తేదీ 2013 ఏప్రిల్ దగ్గరే ఉండింది, ఈబీ-3 (మిగతా ఉద్యోగాల కోటా) అదే ఏడాది ఆగస్టు, అంటే అంతకుముందు ఫైల్ వేసినవాళ్ల వంతే వచ్చింది. ఇలా ఎదురుచూస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఎఫ్-1 మీద వెళ్లినవాళ్లే కాబట్టి "స్టూడెంట్‌గా పోతే లేటు" అని జనం నోట్లో పడింది. వాళ్లు స్టూడెంట్‌గా వెళ్లకుండా నేరుగా హెచ్-1బీ మీద వెళ్లినా ఆ క్యూ అంతే ఉండేది. తమ్ముడూ, నువ్వు ఆ క్యూలోనే లేవు. అమెరికా సిటిజన్ భర్త లేదా భార్య అంటే ఇమ్మీడియట్ రెలేటివ్, కోటా లేదు, బులెటిన్ చూడాల్సిన పని లేదు. ఐ-130 అప్రూవ్ కావడానికి ఏడాది దాటడం ఇప్పుడు మామూలే, ఆ తర్వాత నేషనల్ వీసా సెంటర్, డీఎస్-260 అనే ఇమిగ్రెంట్ వీసా ఫారం, మీ ఆవిడ వైపు నుంచి ఐ-864 స్పాన్సర్ పత్రం, మెడికల్, చివరికి ముంబైలో ఇంటర్వ్యూ. ఎఫ్-1 వీసాకి హైదరాబాద్ సరిపోయింది కానీ ఇమిగ్రెంట్ వీసాకి మనవాళ్లు ముంబై వెళ్లాలి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే మొదట రెండేళ్ల షరతులతో కూడిన కార్డు వస్తుంది, అది కూడా అందరికీ ఒకటే, నీ పాత వీసా వల్ల కాదు.

ఇప్పుడు నీ మూడు విషయాలు చూద్దాం.

యూనివర్సిటీ మారడం తప్పు కాదు. ఎలా మారావన్నదే ముఖ్యం. సెవిస్‌లో, అంటే స్టూడెంట్ల వివరాలు ఉండే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో, ట్రాన్స్‌ఫర్ చేసుకుని వెళ్లావా, లేక పాతది వదిలేసి కొత్తగా ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) తీసుకున్నావా? రెండు ఐ-20లూ పక్కపక్కన పెట్టి చూడు, పైన ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబర్ ఉంటుంది. రెండింటి మీదా అదే నంబర్ ఉంటే ట్రాన్స్‌ఫర్ సవ్యంగా జరిగినట్టే. నంబర్ మారిందంటే పాత రికార్డు ఆగిపోయి కొత్త రికార్డు మొదలైంది అని అర్థం, అప్పుడు మధ్యలో నీ స్టేటస్ ఏంటి, దేశం బయటికి వెళ్లి వచ్చావా అన్నది నువ్వు చెప్పగలగాలి. ట్రాన్స్‌ఫర్ అయితే పాతచోట వదిలాక 5 నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలన్నది రూల్. ఒక సెమిస్టర్ అయ్యాక ఫీజు తక్కువని మారినవాళ్లు మన దగ్గర లెక్కలేనంతమంది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఏ యూనివర్సిటీకి మారావన్నది మాత్రం తేడా తెస్తుంది, దీని మీద కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు పిల్లలు దెబ్బతిన్నది ఇక్కడే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది, అందులో ఎక్కువమంది మనవాళ్లే, కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు, అప్పట్లో ఇక్కడి పేపర్లలో రోజూ అదే వార్త. 2016లో న్యూజెర్సీలో ఒకటి, 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఒకటి బయటపడ్డాయి, ఈ రెండూ అసలు ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీలు. ఫార్మింగ్టన్ కేసులో పిల్లల్ని చేర్పించినందుకు అరెస్టయిన 8 మందీ తెలుగువాళ్లే. ఇలాంటి చోట పేరు నమోదైనవాళ్ల ఫైల్ మాత్రం నెమ్మదిస్తుంది, ప్రశ్నలు వస్తాయి, క్లాసులకు వెళ్లావా, ఫీజు ఎవరికి కట్టావు, వర్క్ పర్మిట్ కోసమే చేరావా అని. నీ రెండో యూనివర్సిటీ అలాంటిది కాకపోతే ఈ పేరా నీకు కాదు, కానీ ఇది చదివేవాళ్లలో అలాంటివాళ్లు ఉంటే దయచేసి ఆ పేరు ఫారంలో దాచిపెట్టొద్దు. వాళ్ల కంప్యూటర్‌లో అది ఎప్పటి నుంచో ఉంది. లాయర్‌తో కూర్చుని జరిగింది జరిగినట్టు ఒక స్టేట్‌మెంట్ రాసుకుని వెళ్లండి.

ఓపీటీలో మూడు నెలల ఖాళీ. ఓపీటీ మీద 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు కూడా తీసుకుంటే మొత్తం కలిపి 150 రోజులు. ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కార్డు మీద ఉన్న మొదటి తేదీ నుంచి లెక్క, శని ఆదివారాలు కూడా కలుస్తాయి. కాబట్టి "దాదాపు మూడు నెలలు" అని ఊరికే అనుకోకుండా ఆఫర్ లెటర్, మొదటి జీతం స్లిప్పు చూసి తేదీలు రాసుకో. 90 లోపు ఉంటే మాట్లాడాల్సిందే లేదు. సరే, ఒకవేళ దాటింది అనుకుందాం. అది స్టేటస్ ఉల్లంఘన అవుతుంది, అంతేగానీ అక్రమ నివాసం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది టెన్షన్ పడిపోతారు.

మూడేళ్ల నిషేధం, పదేళ్ల నిషేధం అని వింటుంటావు కదా, అవి అక్రమ నివాసానికి వచ్చేవి. 180 రోజులు దాటి ఏడాది లోపు అలా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది, ఆపైన ఉండి బయటికొస్తే పదేళ్లు. కానీ నువ్వు ఎఫ్-1 మీద దిగినప్పుడు ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు రాసే రికార్డు) మీద ఎప్పటిదాకా ఉండొచ్చో తేదీ వేయలేదు, డీ/ఎస్ అని ఉంటుంది, అంటే చదువూ దాని తర్వాతి ట్రైనింగూ సాగినంత కాలం. తేదీ లేనప్పుడు, ఇమిగ్రేషన్ శాఖ ఏదైనా దరఖాస్తు మీద నువ్వు స్టేటస్ కోల్పోయావని రాతపూర్వకంగా తేల్చేదాకానో, ఇమిగ్రేషన్ జడ్జి ఆర్డర్ ఇచ్చేదాకానో అక్రమ నివాసం లెక్క మొదలవ్వదు. 2018 ఆగస్టులో ఆ పద్ధతి మార్చి, ఉల్లంఘన జరిగిన మర్నాటి నుంచే లెక్క అన్నారు, పిల్లలంతా హడలిపోయారు, 2019 మేలో కోర్టు దాన్ని ఆపింది, 2020 ఫిబ్రవరిలో పూర్తిగా కొట్టేసింది. నీ కాలం సరిగ్గా అందులోకే వస్తుంది కాబట్టి ఎవరైనా ఆ పాత వార్త చూపించి భయపెడితే ఈ సంగతి చెప్పు.

అయితే డీఎస్-260లో ఒక ప్రశ్న ఉంటుంది, అనుమతించిన కాలం దాటి ఉన్నావా, లేదా వీసా షరతులు ఎలాగైనా ఉల్లంఘించావా అని. 90 రోజులు దాటినట్టు లెక్క తేలితే దానికి కళ్లు మూసుకుని "లేదు" అని టిక్ పెట్టొద్దు. లాయర్‌ని అడిగి, అవును అని పెట్టి కింద రెండు లైన్ల వివరణ రాయడం చాలాసార్లు మంచి దారి. భార్య సిటిజన్ అయినప్పుడు పాత స్టేటస్ ఉల్లంఘన ఒక్కటీ ఇమిగ్రెంట్ వీసాకి అడ్డం కాదు. అబద్ధం మాత్రం అడ్డం. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పారని ఆఫీసర్ రాసేస్తే అది జీవితకాల అనర్హత, దాన్ని మాఫీ చేయించుకోవాలంటే ఐ-601 వేసి, నువ్వు రాకపోతే మీ ఆవిడకు మామూలు ఎడబాటు కంటే చాలా ఎక్కువ కష్టం కలుగుతుందని నిరూపించాలి. నేను చూసిన ఫైళ్లలో గుండె తరుక్కుపోయేవి ఇవే. అసలు విషయం చిన్నది, దాచడం వల్ల పెద్దదయింది.

మూడోది, లాటరీలో రాలేదు కాబట్టి తిరిగొచ్చేశావు. దాన్ని నువ్వు ఓటమిలా రాశావు. ఫైల్‌లో అది నీకు మంచి మార్కు. గడువు లోపల దేశం వదిలి వచ్చినవాడివి. ఐ-94 వెబ్‌సైట్‌లో నీ పాస్‌పోర్ట్ నంబర్ కొడితే వెళ్లిన తేదీలు, వచ్చిన తేదీలు గత పదేళ్లవి కనిపిస్తాయి, ఆ పేజీ ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకో, కాలం గడిచేకొద్దీ పాతవి అందులోంచి పోతాయి.

ఇక అందరూ అడిగే ఇంకో సందేహం. "ఎఫ్-1 ఇంటర్వ్యూలో చదువయ్యాక తిరిగొస్తా అన్నాను కదా, ఇప్పుడు గ్రీన్‌కార్డ్ అడిగితే అప్పుడు అబద్ధం ఆడినట్టు కాదా?" కాదు. మనసు మారడం నేరం కాదు, ఆ రోజు నిజంగా అనుకున్నది ఆ రోజు చెప్పావు. ఆఫీసర్లు చూసేది దేశంలో దిగిన 90 రోజుల్లోపు ఏం చేశావని, అంటే స్టూడెంట్‌గా దిగి క్లాసుకు వెళ్లకుండా వెంటనే పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడే ప్రయత్నం లాంటివి. నువ్వు చదివావు, పనిచేశావు, తిరిగొచ్చావు, తర్వాత ఇక్కడ పెళ్లి చేసుకున్నావు. దీంట్లో అనుమానానికి చోటు ఎక్కడుంది?

ఇంతకుముందు చెప్పిన పొంతన దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నీ రాతలో ఒక సంగతి లేదు, అదే నన్ను ఆలోచింపజేస్తోంది. 2016లో ఎఫ్-1 వీసా కోసం నీ డీఎస్-160 ఫారం ఎవరు నింపారు? అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీ వాళ్లు నింపి ఉంటే అందులో ఏం రాశారో నీకు తెలుసా? "అన్న అమెరికాల ఉన్నడని చెప్పకు, రిజెక్ట్ చేస్తరు" అని చెప్పి, బంధువులు ఎవరూ లేరని టిక్ పెట్టిన ఫారాలు నేను ఎన్నో చూశాను. ఆ ఫారంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా దగ్గరి బంధువుల కిందే వస్తారు. ఇప్పుడు డీఎస్-260లోనో ఇంటర్వ్యూలోనో ఆ అన్న పేరు బయటికొస్తే, పాత ఇంటర్వ్యూ రికార్డు అదే స్క్రీన్ మీద ఆఫీసర్‌కి కనిపిస్తుంది. అలాగే బ్యాంకులో వారం రోజులు ఎవరిదో డబ్బు వేసి చూపించిన బ్యాలెన్స్, లేని భూమికి వాల్యుయేషన్, చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్. కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు తీసుకుని వెళ్లిపోయారు, సంతకం మాత్రం నీది. ఇలాంటిదేమైనా ఉంటే ఇంటర్వ్యూకి ముందే లాయర్‌తో మాట్లాడు, బంధువులతో కాదు.

ఓపీటీ కంపెనీ కూడా అంతే. నిజంగా ఆఫీసుకు వెళ్లి పనిచేసి, జీతం తీసుకుని, ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ-2 కాగితం ఉంటే భయమే లేదు. ఎవరో కన్సల్టెన్సీ పేరు మీద ఓపీటీ చూపించి, ఇంట్లో ఉండి జీతం లేకుండా "ట్రైనింగ్" అని గడిపితే, ఆ కంపెనీ మీద తర్వాత కేసు పడి ఉంటే, నీ పేరు కూడా ఆ లిస్టులో ఉండే అవకాశం ఉంది. లింక్డ్‌ఇన్ ఒకసారి తెరిచి చూసుకో. 2019 నుంచి వీసా ఫారాల్లో సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారు, లింక్డ్‌ఇన్‌లో ఒక కంపెనీ, ఫారంలో ఇంకో కంపెనీ, రెజ్యూమెలో మూడో కంపెనీ ఉన్నవాళ్లు మనలో చాలామంది. నిజమైనదాన్ని బట్టి అన్నీ ఒక్కటిగా చేసుకోవాలి, ఫారాన్ని అబద్ధపు లింక్డ్‌ఇన్‌కి సరిపోయేలా నింపకూడదు.

పోలీసు కేసులు ఏమైనా ఉంటే చెప్పు. స్పీడింగ్ టికెట్ పెద్ద విషయం కాదు. స్టోర్‌లో వస్తువు తీసిన కేసు, తాగి బండి నడిపిన కేసు మాత్రం కొట్టేసినా సరే కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉండాలి. "కేసు పోయింది కదా" అని వదిలేస్తే ముంబైలో ఆ కాపీ తెమ్మని చెప్పి ఫైల్ పెండింగ్‌లో పెడతారు, ఇక్కడి నుంచి అమెరికా కౌంటీ కోర్టుకు మెయిళ్లు పెట్టుకుంటూ నెలలు గడుస్తాయి. 2025 ఏప్రిల్‌లో వేలమంది స్టూడెంట్ల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా ఆపేసి, కోర్టుల్లో కేసులు పడ్డాక తిరిగి పునరుద్ధరించారు గుర్తుందా, వాళ్లలో చాలామందికి ఉన్నది ఎప్పటివో చిన్న చిన్న కేసులే.

ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డ్ వేసేవాళ్ల కోసం కూడా ఒక మాట, ఎందుకంటే వాళ్లకు రూల్ వేరు, వాళ్లు అమెరికాలోనే ఉండి ఐ-485 అనే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు వేస్తారు. చివరిసారి దేశంలోకి చట్టబద్ధంగా వచ్చినప్పటి నుంచి మొత్తం 180 రోజుల వరకు స్టేటస్ లోపాలు, పర్మిషన్ లేని పని ఉన్నా 245(కె) అనే సెక్షన్ వాటిని క్షమిస్తుంది. "చివరిసారి వచ్చినప్పటి నుంచి" అన్నదే ఇక్కడ కీలకం. ఎఫ్-1 మీద ఉండగానే హెచ్-1బీకి మారి, ఒక్కసారి కూడా ఇండియా రాకుండా అక్కడే ఉన్నవాడికి చివరి ప్రవేశం ఎఫ్-1దే, కాబట్టి స్టూడెంట్ రోజుల లోపాలన్నీ లెక్కలోకి వస్తాయి. మధ్యలో వచ్చి హెచ్-1బీ స్టాంపింగ్ వేయించుకుని తిరిగి వెళ్లినవాడికి లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే పనిచేసే అనుమతి) ఇచ్చే కాలేజీల్లో చేరి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఈ తేడా బాగా పనికొస్తుంది, ఆ కాలం గురించి అదనపు ఆధారాలు అడిగే లెటర్లు వాళ్లకే ఎక్కువ వస్తుంటాయి. అక్కడా అబద్ధం చెప్తే ఏ సెక్షనూ కాపాడదు.

కెనడా గురించి కూడా అడిగావు, ఇది వీలు కాకపోతే అక్కడ పీఆర్ (శాశ్వత నివాసం) వేయాలా అని. అక్కడ కూడా పాత అమెరికా స్టూడెంట్ వీసా మైనస్ కాదు, పైగా ఎం.ఎస్. డిగ్రీని మదింపు చేయిస్తే పాయింట్లు వస్తాయి. ఆలస్యమయ్యేది రెండు చోట్ల. ఒకటి, గత పదేళ్లలో ఏ దేశంలోనైనా వరుసగా 6 నెలలు ఉంటే అక్కడి పోలీసు సర్టిఫికెట్ కావాలి, నీకు అది అమెరికా ఎఫ్‌బీఐ నుంచి. వేలిముద్రలు ఎఫ్‌డీ-258 కార్డు మీద వేయించి వాళ్లకే పంపాలి. తొందరగా చేసిపెట్టే ప్రైవేటు ఏజెన్సీలు అమెరికా సిటిజన్లకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు మాత్రమే, ఇక్కడ ఎవరైనా "మేం రెండు రోజుల్లో తెప్పిస్తాం" అని డబ్బు అడిగితే ఇవ్వొద్దు. రెండు, పదేళ్ల చరిత్ర నెలనెలకీ ఖాళీ లేకుండా రాయాలి. ఉద్యోగం లేని నెలలుంటే ఉద్యోగం లేదు అనే రాయాలి, ఖాళీ వదిలితే ఫైల్ వెనక్కి వస్తుంది. ఏ దేశం వీసా రిజెక్ట్ అయినా చెప్పాలి, అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వేలిముద్రల సమాచారం పంచుకుంటాయి. దాస్తే కెనడాలో 5 ఏళ్ల నిషేధం. కానీ భార్య సిటిజన్ అయి ఐ-130 నడుస్తున్నప్పుడు నువ్వు ఇప్పుడు కెనడా వైపు డబ్బు, మనసు పెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు. అలాగే ఈలోపు మళ్లీ ఎఫ్-1 గానీ టూరిస్ట్ వీసా గానీ ప్రయత్నించకు. ఐ-130 పెండింగ్‌లో ఉండగా "తిరిగొస్తాను" అంటే నమ్మించడం కష్టం, ఊరికే ఒక రిజెక్షన్ ఖాతాలో పడుతుంది.

నిజం చెప్పాలంటే, మన జిల్లాల ఫైళ్లు ఎక్కువగా ఆగేది అమెరికా కాగితాల దగ్గర కాదు, ఇంటి కాగితాల దగ్గర. ముఖ్యంగా బర్త్ సర్టిఫికెట్. తొంభైల్లో దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు ఊళ్లలో ఇంట్లోనే పుట్టినవాళ్లకు అప్పుడు ఎవరూ నమోదు చేయించలేదు. ఎఫ్-1కి అది అడగలేదు కాబట్టి ఇన్నేళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆర్డీవో ఆర్డర్‌తో ఆలస్యంగా నమోదు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకున్నా, పుట్టిన ఏడాది దాటాక నమోదైందంటే వాళ్లు ఇతర ఆధారాలు కూడా చూస్తారు. పదో తరగతి మెమో, అమ్మానాన్నల అఫిడవిట్లు దానికి జతచేసి పెట్టుకో. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉన్న మనుషుల్ని నేను చూశాను, ఒకే మనిషి మూడు పేర్లతో. నీదీ అలా ఉంటే, అవన్నీ ఒకరివే అని అఫిడవిట్ చేయించి, డీఎస్-260లో గతంలో వాడిన పేర్లు అనే చోట అన్నీ రాయి. వాళ్లు పాత ఎఫ్-1 రికార్డుని కొత్త ఫైల్‌తో కలిపేటప్పుడు పేరు కలవకపోతే అక్కడే ఆగుతుంది, జనం దాన్నే "స్టూడెంట్ వీసా వల్ల లేటయింది" అంటారు.

పెళ్లి సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుది ఉండాలి, ఫంక్షన్ హాల్ రసీదూ ఫొటోలూ దానికి తోడు మాత్రమే. ఇక్కడి పీసీసీ, అంటే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి తీసుకోవాలి, స్టేషన్‌లో ఇచ్చే లెటర్ పనికిరాదు, పాస్‌పోర్ట్ మీద అడ్రస్ ఊరిది, ఉంటున్నది హైదరాబాద్ అయితే వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వచ్చేసరికి నువ్వు ఎక్కడ దొరుకుతావో ముందే చూసుకో. అమెరికా ఇమిగ్రెంట్ వీసాకి అమెరికా పోలీసు సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆ ఎఫ్‌బీఐ గొడవ కెనడాకి మాత్రమే.

నువ్వు ఈ వారం చేయాల్సింది చెప్తాను. రెండు యూనివర్సిటీల ఐ-20లు అన్నీ, ట్రావెల్ సంతకాలున్న పాతవి కూడా, రెండు ట్రాన్స్‌క్రిప్టులు, ఈఏడీ కార్డు రెండు వైపులా కాపీ, డబ్ల్యూ-2లు, పాత పాస్‌పోర్ట్‌లో వీసా పేజీ ఒక ఫోల్డర్‌లో పెట్టు. ఐ-20 ఏదైనా పోయి ఉంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టు, అయితే నువ్వు వదిలి చాలా ఏళ్లయింది కాబట్టి వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. అప్పుడు ఎఫ్ఓఐఏ (అక్కడి సమాచార హక్కు చట్టం) కింద అమెరికా ప్రభుత్వాన్నే అడగొచ్చు, ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఓపీటీ దరఖాస్తు ఫైల్ ఉంటుంది, సెవిస్ రికార్డు ఐస్ (ఐసీఈ) అనే ఇంకో శాఖ దగ్గర ఉంటుంది, రెండింటికీ వేర్వేరుగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. మామూలుగా ఫీజు ఉండదు, జవాబు రావడానికి టైం పడుతుంది. ఐ-130 అప్రూవ్ అయ్యేదాకా నీకు ఎలాగూ నెలలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడే పెడితే డీఎస్-260 నింపే రోజుకి అది చేతిలో ఉంటుంది. 2016 డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ నీ మెయిల్‌లో ఉందేమో వెతుకు, అందులో జవాబులు ఉండవు కానీ అది ఎవరి మెయిల్ నుంచి నీకు వచ్చిందో చూస్తే ఎవరు నింపారో తెలియొచ్చు. ఆ సంగతీ, ఓపీటీ తేదీలూ తెలిశాక ఇక్కడ మళ్లీ రాయి, చూసి చెప్తాను.